చెరువు విత్తనం

ఫిబ్రవరి 2, సోమవారం

ఈ డైరీ పామిడిలో ఎరువులంగడి హరినాథ్ ఊరికే ఇచ్చినాడు. నాకు రాసేది పెద్దగా రాదు. నలభై ఏండ్లకు రాత్రి బడిలో నేర్చుకున్నా. ఒత్తులు తప్పుతాయి. తప్పితే తప్పినాయి, చదివేది నేనే.

తిమ్మక్క అడిగింది, "ఏం రాస్తాండావు?"

"నీ మీద చాడీలు."

"అట్లయితే ఈ పుస్తకం చాలదు. ఇంగొకటి అడుక్కొచ్చుకో."

పెండ్లాం నోరు నలభై తొమ్మిదేండ్లుగా ఇట్లే ఉండాది.

రాసేది ఎందుకంటే, ఈ పొద్దు తోటలో గుంతకాడ కొంగ దిగినాది. ఒకటే. ఎర్రకాళ్ల కొంగ. గట్టు మీద నిలబడి నీళ్లలోకి చూసి ఎగిరిపోయినాది. ఇది ఊర్లో ఎవరితోనూ చెప్పుకునే మాట గాదు.

ఫిబ్రవరి 4

మూడేండ్ల కిందట మా ఊరి చెరువు అడుగు దాకా ఎండినాది. బురదలో కొరమీనులు పొర్లాడతాంటే ఊరంతా బుట్టలు తెచ్చి కూరకు పట్టుకున్నారు. నేనూ తిమ్మక్కా బిందెలు తెచ్చినాం. దొరికినన్ని మోసి మా చీనీతోట గుంతలో వేసినాం. గుంత పెద్దదేం గాదు. చెట్లకు నీళ్లు నిలిపేదానికి తవ్వి, ఇంకిపోకుండా నల్ల పట్టా పరిచినాం.

"మారెప్ప చేపలకు వేరు కాపురం పెట్టించినాడు" అని నవ్వినారు.

రచ్చకట్ట మీద నిలబడి చెప్పినా. ఇది చెరువు విత్తనం. చెరువు నిండినపొద్దు నేనే తీసుకొచ్చి వేస్తా. అంతవరకు ఒక్కటి గూడా ఎవరి కూరలోకీ పోదు. నా కూరలోకీ పోదు.

మూడేండ్లలో చెరువు నిండల్యా. మాట మాత్రం నిలబడినాది. చేపలు ఉండాయి, ఈనినాయి, పెరిగినాయి. ఇప్పుడు ఎవడూ నవ్వడు. పోయిన ఏడు ఆంజినమ్మ గొర్రెలు తోలుకుంటా వచ్చి గట్టు మీద నిలబడి, "అన్నా, ఇవి పోతే ఇంగ మన చెరువు చేప అనేదే ఉండదు గదా" అనింది. గొర్రెల మనిషికి తెలిసినంత గూడా తెలీదు ఊర్లో పెద్దమనుషులకు.

ఫిబ్రవరి 11

మూడు దిగినాయి. చప్పట్లు కొట్టినా. అవతలి గట్టుకు పోయి నిలబడినాయి. నేను అవతలికి పోతే ఇవతలికి వచ్చినాయి. పొద్దుపోయే దాకా ఇదే పని.

వాటికి తప్పేమీ ల్యాదు. చెరువు ఎండినాది. పెన్న ఇసక. నీళ్లనేవి నా గుంతలోనే ఉండాయి.

మా ఊరికి ఈ కొంగలు మా నాయన పుట్టకముందు నుంచి వస్తాండాయి. ఊరి నడుమ చింతమాన్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని ఎగిరించుకుని పోతాయి. ఆడబిడ్డలు కాన్పుకొచ్చినారు అంటాము. మొదటి గూడు పడినపొద్దు ఆడోళ్లు మానుకు రవికె గుడ్డ కడతారు. పెండ్లి మేళం గూడా ఆ మాన్ల కాడ నోరు మూసుకుని పోవల్ల.

కొంగకు ఎవరన్నా దెబ్బ తగిలిస్తే చెట్టు కావలి. పొద్దు పొడిచినప్పట్నుంచి పొద్దు మునిగేదాకా చింతమాను కింద నిలబడల్ల. కిందపడిన పిల్లల్ని కుక్కలు ఎత్తుకుపోకుండా చూడల్ల. ఆఖరి పిల్ల ఎగిరిపోయేదాకా. ఆ కట్టుబాటు పెట్టింది నేనే. పదకొండేండ్లాయ.

చప్పట్లు కొట్టేది దెబ్బ తగిలించేది గాదు.

ఫిబ్రవరి 16

పాత క్యాసెట్లు పగలగొట్టి టేపు తీసి గుంతకు అడ్డంగా కట్టినా. గాలికి మెరుస్తాది, గుర్రుమంటాది. రెండు దినాలు రాల్యా. మూడో దినం టేపు కింద దూరి వచ్చినాయి.

ఫిబ్రవరి 21

బొమ్మ కట్టినా. నా చొక్కా, నా తలగుడ్డ, నా పాత పంచ. సర్పంచి తమ్ముడు కేశవ దావన పోతా "మారెప్పన్నా, మారెప్పన్నా" అని నాలుగుసార్లు పిలిచి, పలకల్యా అని కోపం చేసుకుని పోయినాడంట.

కొంగ వచ్చి బొమ్మ భుజం మీద కూర్చున్నాది. తలగుడ్డ మీద రెట్ట వేసినాది.

తిమ్మక్క నవ్వి నవ్వి గట్టు మీద కూలబడింది. "నువ్వు నిలబడినా ఇంతేలే. దానికి తెల్సు, నీ అరుపులే గానీ చెయ్యి లేవదని."

నాకు నవ్వు రాల్యా. ఆ కొంగ ముక్కులో చేప ఉండాది. జానెడు పిల్ల. తోక కొట్టుకుంటాండాది.

మార్చి 3

బోరు గంట సేపు గూడా పోయడం ల్యాదు. పట్టా మీద నీళ్ల గీత మూరెడు దిగినాది. నీళ్లు తగ్గేకొద్దీ కొంగకు సులువు. అది చూసి పట్టేది గాదు. ముక్కు తెరిచి నీళ్లలో పెట్టి, కాలితో కలబెడతా నడుస్తాది. తగిలినదాన్ని పట్టుకుంటాది. దానికి లోతు పనికిరాదు, మోకాలి బంటి ఉంటే చాలు. నా గుంత దాని కోసమే తయారైతాండాది.

పాత సిమెంటు పైపు ముక్కలు అడుగున వేసినా, చేపలు దూరుకుంటాయని. కొన్ని దూరుకుంటాండాయి. కొరమీను ఊపిరికి పైకి రావల్ల గదా. వచ్చినప్పుడు పట్టుకుంటాండాయి.

మార్చి 8

తిమ్మక్క ఒక మాట అనింది. రాయను.

మార్చి 10

కొరమీను మళ్లీ ఈనినాది. ఎర్రెర్రగా పిల్లలు గుంపు కట్టి పైన తిరుగుతాండాయి. గుంపు కిందనే తల్లీ తండ్రీ. ఎవరు దగ్గరికొచ్చినా తల్లి మీదికి లేస్తాది. కప్పను తరిమినాది. నేను చెయ్యి పెడితే నా చేతిని గూడా కొట్టినాది.

కొంగను మాత్రం ఏం చేస్తాది.

నాకు కూడు పోవడం ల్యాదు.

మార్చి 12, గురువారం

పామిడికి పోయి సన్న నైలాను దారం తెచ్చినా. గుంత చుట్టూ మేకులు కొట్టి, జానెడు ఎత్తున అడ్డంగా, నిలువుగా లాగి కట్టినా. దూరానికి కనపడదు.

ఇది కొంగలకు గాదు. నీటికాకులకు. నీటికాకి ఒకటి వచ్చినట్టుండాది, నల్లగా. వచ్చినాదనే అనుకుంటాండా. నీటికాకి ఆడబిడ్డ గాదు, దానికి కట్టుబాటు ల్యాదు.

తిమ్మక్క మేకులు చూసింది. నన్ను చూసింది. తిట్టింటే బాగుండు.

మార్చి 15

ఈ పొద్దు ఏమీ జరగల్యా.

మార్చి 16

ఏమీ జరగల్యా. దారాలు తీసేసినా, ఎండకు వదులైనాయని.

మార్చి 18

రాస్తా.

ఆదివారం పొద్దన్నే పోయేసరికి కొంగ దారాల్లో చిక్కుకుని ఉండాది. ఎంత కొట్టుకున్నాదో, ఎడమ రెక్క విరిగి వేలాడతాండాది. నన్ను చూసి కొట్టుకోవడం మానేసినాది. నోరు తెరుచుకుని చూస్తాండాది. కొడవలితో దారం కోసినా. నా దుప్పటిలో చుట్టి గట్టు దాటించి, సరిహద్దు రాళ్ల కాడ దించినా. మెల్లగా నడుచుకుంటా పోయినాది. చింతమాన్ల పక్కకే పోతాది అనుకున్నా.

సరిహద్దుకు అవతల జాకబ్ చేను.

నీటికాకికి కట్టినా. ఇది నిజం.

మార్చి 19, ఉగాది

పచ్చడి నోట్లో పెట్టుకునే లోపల కేశవ వచ్చినాడు.

"అన్నా, జాకబ్ మళ్లీ కొట్టినాడు. రెక్క విరిగిన కొంగ వాళ్ల ఇంట్లో దొరికినాది. తట్ట కింద దాచిపెట్టినాడు."

"దాచిపెట్టినాడా, కట్టు కడతాండాడా?" తిమ్మక్క అడిగింది.

"కట్టు కడతాండానంటాడు. పట్టుబడినాక ఎవరైనా అదే అంటారు గదక్కా. రేపు రచ్చకట్ట కాడ మాట్లాడల్ల. అన్నే చెప్పల్ల తీర్పు."

కేశవ పోయినాక తిమ్మక్క నా పక్కనే నిలబడి ఉండాది. నేను పచ్చడి తింటా ఉన్నా. మొత్తం తిన్నా.

జాకబ్ పామిడిలో పశువుల ఆసుపత్రిలో అటెండరుగా చేసి వచ్చేసినాడు. నాకంటే రెండేండ్లు చిన్న. పదకొండేండ్ల కిందట చింతమాను కింద కొంగపిల్ల మెడ విరిగి పడింటే, పక్కన జాకబ్ చేతిలో రాయి ఉండాది. "నేను కాకిని కొట్టినాప్పా, అది పిల్లను గూట్లోంచి లాగుతాంటే" అన్నాడు. నేను నమ్మల్యా. ఊరవతలి పాలెం మనిషి మాటకు అప్పుడు రచ్చకట్ట మీద విలువెంత. నేనే కట్టుబాటు పెట్టినా, వాన్నే మొదట నిలబెట్టినా. నాలుగు నెలలు నిలబడినాడు. పిల్లోళ్లు "కొంగల అటెండరు" అని గేలి చేసినారు. ఆపొద్దు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. సరిహద్దు రాళ్లు నేను దాటల్యా, వాడూ దాటల్యా.

మార్చి 20

కడుపునొప్పి. రచ్చకట్టకు పోల్యా.

మార్చి 20, సాయంత్రం

తిమ్మక్క పోయి వచ్చింది. అడక్కుండానే చెప్పింది, గోడతో చెప్పినట్టు.

జాకబ్ రెక్కలోంచి తీసిన దారం ముక్క చేతిలో పట్టుకుని నిలబడినాడంట. "కొంగ నా చేన్లోకి నడుచుకుంటా వచ్చినాది. ఈ దారం ఎవరిదో అడగండప్పా" అన్నాడంట. "నీదే" అన్నారంట. "నా దగ్గర దారముండేది గాయాలు కుట్టేదానికి, ఇది చూడండి దానికంటే ఎంత లావుందో" అన్నాడంట. ఎవరూ చూడల్యా. "మారెప్పన్న పెట్టిన కట్టుబాటు ఉండాది గదా, ఆయన వచ్చేపని ల్యాదు" అని కేశవ లేచినాడంట.

జాకబ్ రేపట్నుంచి చెట్టు కింద.

తిమ్మక్క చెప్పడం అయినాక చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందర పెట్టింది. "కడుపునొప్పి గదా, తాగు."

మార్చి 23

తోటకు పోయే దావ చింతమాన్ల కిందనే. చుట్టూ తిరిగి పోతే అరగంట ఎక్కువ. రెండు దినాలు తిరిగి పోయినా. ఈ పొద్దు మోకాలు ఒప్పుకోల్యా.

జాకబ్ మాను మొదట్లో నిలబడి ఉండాడు, చేతిలో కట్టె. తల నిండా రెట్ట. పదకొండేండ్లకు మొదటిసారి నోరు విప్పినాడు.

"ఏమప్పా, గుంతలో నీళ్లెంత ఉండాయి?"

"నీకెందుకు?"

"ఊరికే అడిగినా."

అంతే. వానికి తెల్సు. దారం చూస్తే తెలీదా, చుట్టుపక్కల గుంత ఎవరికుండాదో తెలీదా. తెలిసి ఎందుకు చెప్పడంల్యా? చెప్పినా ఎవరూ నమ్మరనా? నేనే చెప్తానని చూస్తాండాడా?

చెప్తే నేను చెట్టు కింద నిలబడల్ల. పొద్దుపొడుపు నుంచి పొద్దుమునిగే దాకా. అప్పుడు గుంతకాడ ఎవరుంటారు? తిమ్మక్క మోకాళ్లు నాకంటే అధ్వాన్నం. జూన్ దాకా ఒక్క చేప మిగలదు. చెరువు విత్తనం పోతాది. ఊరి కోసమే గదా నేను చెప్పకుండా ఉండేది.

ఊరి కోసమే.

మార్చి 26

ఎర్ర పిల్లల గుంపు ఈ పొద్దు కనపడల్యా. తల్లి ఒక్కటే తిరుగుతాండాది, గుంపు ఉన్న చోటనే. అడుగున వెతుకుతాండాదేమో. నీళ్లు నడుము బంటి.

మార్చి 29

మట్టల ఆదివారం. పాలెం వాళ్లు మట్టలు పట్టుకుని పాడుకుంటా చర్చికి పోయినారు. జాకబ్ చెట్టు కింద నుంచే చూసినాడు. రూతు, అదే జాకబ్ పెండ్లాం, పోతా పోతా వాని చేతిలో ఒక మట్ట పెట్టి పోయినాది. దాంతో కుక్కను అదిలిస్తాండాడు.

మార్చి 31

కొంగ చచ్చిపోయినాదంట. రూతు కొళాయి కాడ తిమ్మక్కతో చెప్పినాదంట. "మందు పెట్టినాడక్కా, ఇంట్లో మనిషికి చూసినట్టు చూసినాడు. ఆయనకు బీపీ ఉండాది. శుక్రవారం ప్రార్థనకన్నా ఇడవమని అడిగినా. కట్టుబాటుకు సెలవల్లేవు అన్నాడు కేశవ."

చచ్చినదాని జత ఇంగా తిరుగుతాండాది. గూట్లో రెండు పిల్లలు. ఒక్కటే మేతకు పోవల్ల, ఒక్కటే కాయల్ల. అది పోయి వచ్చేలోపల గూడు ఖాళీ. మేతకు నా గుంతకే వస్తాండాది. ఈ పొద్దు గట్టు మీదికి వచ్చినప్పుడు చప్పట్లు కొట్టేదానికి చేతులు లేపినా. కొట్టల్యా.

దాన్ని తిననిచ్చినా. ఒకటి తినినాది, ఇంగొకటి గొంతులో పెట్టుకుని పోయినాది.

ఏప్రిల్ 3, శుక్రవారం

తిమ్మక్క అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నాది.

"నువ్వు చెప్తావా, నేను చెప్పల్లా?"

"చేపలు..."

"చేపలు చేపలు అనొద్దు నాతో. బిందెలు నేను మోయల్యా? నా నడుము విరిగింది ఆ బిందెలకే. అయినా నేను ఇంత తప్పు చేసి కాయమనల్యా."

అన్నం తినల్యా. మిట్టమధ్యాన్నం చింతమాను కిందికి పోయినా. పాలెం చర్చిలో పాటలు వినపడతాండాయి. జాకబ్ కండ్లు మూసుకుని పెదాలు కదుపుతాండాడు.

"నువ్వు పో ప్రార్థనకు. నేను నిలబడతా" అన్నా.

కండ్లు తెరిచినాడు. నన్ను కిందికీ మీదికీ చూసినాడు. "ఎవరు నిలబడమన్నారు నిన్ను?"

"ఎవరూ అనల్యా. నీ బదులు."

"నా బదులు వద్దు. నీ బదులైతే నిలబడు. ఊరికి చెప్పి నిలబడు." కట్టె నా చేతికి ఇయ్యల్యా. "నాకు ఉపకారం చేసినట్టు నిలబడేదానికైతే ఈ మాను కింద నీకు చోటు ల్యాదు పో."

నీటికాకికి కట్టినాప్పా, అని నోట్లోంచి వచ్చేసినాది. కొంగకు గాదు, నీటికాకికి.

జాకబ్ గట్టిగా నవ్వినాడు. పైన కొంగలు లేచి మళ్లా కూర్చున్నాయి. "నేను కాకిని కొట్టినా. నువ్వు నీటికాకికి కట్టినావు. ఇద్దరికీ కాకులతోనే వచ్చినాది గాచారం."

నాకు నవ్వు రాల్యా. నిలబడి అడిగినా, "ఆ పొద్దు నువ్వు కాకినే కొట్టినావా?"

"ఇప్పుడు అడుగుతాండావా?"

"ఇప్పుడే అడుగుతాండా."

"అప్పుడు ఏం చెప్పినానో అదే. ఇంగ పో, ప్రార్థన చేసుకోవల్ల."

ఏప్రిల్ 4, శనివారం

చెప్పినా.

రచ్చకట్ట కాడ పదిమంది చేరేదాకా ఆగి చెప్పినా. దారం నేను కట్టినా. కొంగ నా గుంతలో చిక్కుకున్నాది. నేనే దుప్పట్లో తీసుకుపోయి జాకబ్ సరిహద్దులో వదిలినా. కడుపునొప్పి అని అబద్ధం చెప్పినా. పదకొండేండ్ల కిందటి మాట గూడా చెప్పినా. ఆ పొద్దు వాని మాట నేను వినల్యా. రాయి చూసినా గానీ కాకిని చూడల్యా. చూడందానికి తీర్పు చెప్పినా.

పేకాట ఆపినారు.

కేశవ దగ్గరికొచ్చి నా చెవి కాడ, "ఎందుకన్నా ఇదంతా, జాకబ్ ఎట్లాగూ నిలబడతాండాడు గదా" అన్నాడు. నేను గట్టిగా, "కేశవా, నీ మాట అందరికీ వినపడేట్టు చెప్పు" అన్నా. వెనక్కు పోయి కట్ట మీద కూర్చున్నాడు.

ఒకాయన అన్నాడు, "పెద్దాయన, డెబ్బై నాలుగేండ్లు. ఒక వారం నిలబడితే చాలు."

"జాకబ్‌కు ఎన్నాళ్లు చెప్పినారు?"

"ఆఖరి పిల్ల ఎగిరే దాకా."

"నాకు గూడా పిల్లే ఎగరల్ల. వారంలో ఎగరదు."

జాకబ్ కట్టె నా చేతిలో పెట్టి ఇంటికి పోయినాడు. వెనక్కు తిరిగి చూడల్యా.

ఏప్రిల్ 5, ఈస్టర్

చెట్టు కింద మొదటి దినం. కాళ్లు వాచినాయి. రెట్ట కంపు తలకెక్కినాది. జాకబ్, రూతు కొత్త గుడ్డలు కట్టుకుని చర్చికి పోతా నా ముందరే పోయినారు. రూతు చెయ్యెత్తి దండం పెట్టినాది. జాకబ్ పెట్టల్యా.

చచ్చినదాని గూడు మూడో కొమ్మ మీద. తలెత్తితే కనపడతాది. చూడొద్దనుకున్నా అదే చూస్తాండా.

గుంత కాడ తిమ్మక్క పొద్దంతా రేకు తట్ట కొట్టి కొంగల్ని తోలినాది. సాయంత్రం వచ్చి ఏమీ చెప్పల్యా. నేనూ అడగల్యా.

ఏప్రిల్ 9

అడిగినా.

"పదీ పన్నెండు దిగుతాండాయి. నేనొక పక్కకు పోతే ఇంగొక పక్క. నీళ్లు మోకాలు దాటడం ల్యాదు. పైపు ముక్కలు బయటికి తేలినాయి."

"చేపలు?"

"ఉండాయి. కొన్ని."

ఇంత దూరం నుంచి గుంత కనపడదు. చెట్టు మీంచి కొంగలు లేచి తోట పక్కకు పోతాంటే లెక్క తెలుస్తాది. తిరిగొచ్చినప్పుడు వాటి గొంతులు ఉబ్బి ఉంటాయి. పిల్లలు నోళ్లు తెరిచి అరుస్తాయి. నా చేపలే. నా నెత్తి మీదనే తింటాండాయి. ఒక దినం తునక ఒకటి నా ముందర పడినాది. తల. కొరమీను తల.

ఏప్రిల్ 11

మార్చి ఎనిమిదిన తిమ్మక్క అన్న మాట రాయనన్నా. ఇప్పుడు రాస్తా.

"చేపల్ని జాకబ్ బావిలో వేద్దాము" అనింది. రాతి కట్టు బావి, సరిహద్దుకు యాభై అడుగులు. నిలువు గోడలు. వంక పక్కనుంది కాబట్టి ఎండాకాలం గూడా రెండాళ్ల లోతు నీళ్లు. ఎర్రకాళ్ల కొంగ అందులో దిగలేదు, నిలబడలేదు. ఆమె అన్నప్పుడు నేను, "వాని బావిలో వేసేకంటే కొంగలకే వేస్తా" అన్నా.

అదే జరుగుతాండాది.

ఏప్రిల్ 13, సోమవారం

పొద్దన్నే సద్దికూడు తినే పొద్దుకు జాకబ్ వచ్చినాడు. కొంచెం దూరంగా కూర్చున్నాడు. బీడీ అంటించుకున్నాడు. నాకు ఇయ్యల్యా.

"మీ తిమ్మక్క రూతుతో చెప్పినాదంట, గుంత అయిపోతాండాదని."

అడగల్ల అని తెల్సు. కట్టెతో నేల గీస్తా ఉన్నా.

"అడగవా?" అన్నాడు.

"అడుగుతా."

"అడుగు మరి."

"నీ బావిలో వేసుకుంటావా, చేపల్ని?"

పొగ వదిలినాడు. "నీ మొగానికి వేసుకోను. చెరువు నీది గాదు, ఆ చేపలు నీవి గాదు. ఆ చెరువులో నేను గూడా ఈతకొట్టినా. మా నాయన గాలం వేసినాడు. నువ్వు ఒక్కడివే మోసినట్టు మూడేండ్లు చెప్పుకున్నావు రచ్చకట్ట మీద."

"తిమ్మక్క మోసింది."

"ఆ పొద్దు రూతు గూడా రెండు బిందెలు మోసినాది. నీ గట్టు కాడ పెట్టి పోయినాది. నువ్వు చూడల్యా."

నాకు తెలీదు. తిమ్మక్క ఎప్పుడూ చెప్పల్యా. చెప్పి ఉంటే నేను ఆ బిందెల్ని ఏం చేసి ఉందునో ఆమెకు తెల్సు.

ఏప్రిల్ 14

జాకబ్, రూతు, తిమ్మక్క, ఆంజినమ్మ దిగినారంట గుంతలోకి. నేను చెట్టు కింద. నా చేపలు, నేను ముట్టుకోల్యా. పొద్దన్నుంచి ఒకే చోట నిలబడలేక మాను చుట్టూ తిరుగుతాండా. ఎండకు తడిగుడ్డలు కప్పినారో లేదో. బుట్ట అడుగున రాస్తే పొలుసు పోతాది, చెప్పల్ల. ఎవరితో చెప్పేది.

మధ్యాన్నం దాటినాక జాకబ్ వచ్చినాడు, భుజం మీద బిందె. తోట నుంచి బావికి దావ ఇట్ల గాదు. ఊరు చుట్టి రావల్ల.

బిందె నా ముందర దించినాడు. మూతకు తడి గుడ్డ. తీసినాడు. తల్లి కొరమీను, మోచెయ్యంత. మాను నీడలో నల్లగా మెరిసినాది. వీపు మీద ముక్కు గాటు.

"చూసుకో తొందరగా. ఎండ."

చూసినా.

"ఎన్ని దొరికినాయి?"

"లెక్కబెట్టల్యా. ఆంజినమ్మ ఒకదాని వెనక బురదలో పడింది. బాగా తిట్టింది నిన్ను."

బిందె ఎత్తుకునేదానికి వంగినాడు. నేను ఒక పక్క పట్టి భుజానికి ఎత్తినా. పోయినాడు.

ఏప్రిల్ 27

చచ్చినదాని గూట్లోంచి పిల్ల ఒకటి పడినాది. కుక్క కంటే ముందు నేను పోయినా. రొమ్ము కొట్టుకుంటాండాది నా చేతుల్లో. కేశవ నిచ్చెన వేసి గూట్లో పెట్టినాడు. దిగి, "అన్నా, ఇంగొకటి ల్యాదు గూట్లో" అన్నాడు. ఎప్పుడు పోయిందో నేను చూడల్యా.

మే 12

ఎండ. రాసేదానికి ఏమీ ల్యాదు. గుంత ఎండిపోయినాదంట, పట్టా పగిలినాదంట. కొంగలు ఇప్పుడు ఎంతో దూరం పోతాండాయి మేతకు. పొద్దన పోతే మధ్యాన్నం దాటినాక వస్తాండాయి.

మే 30, శనివారం

ఆఖరి పిల్ల ఎగిరినాది. అది వేరే గూటిది. చచ్చినదాని పిల్ల వారం ముందే పోయినాది, జతతో. ఏ పక్కకు పోయినాయో కంటికి అందేదాకా చూసినా.

కట్టె మానుకు ఆనించి ఇంటికి వచ్చినా.

మే 31

సరిహద్దు రాళ్లు దాటినా. జాకబ్ బావి కాడ కూర్చుని ఉండాడు, చర్చి నుంచి వచ్చి చొక్కా గూడా మార్చుకోకుండా. నేనొస్తానని తెలిసినట్టే ఉండాడు. పక్కకు జరిగినాడు.

వంగి చూసినా. నీళ్లు అడుగున నల్లగా. గోడల్లో పావురాలు. నా కండ్లకు శుక్లాలు, అంత లోతు కనపడదు. ఎంత చూసినా నలుపే.

"ఉండాయా?"

"ఉండాయి. పొద్దన్నే పైకొస్తాయి ఊపిరికి. తల్లి గూడా ఉండాది, గాటు మానింది." వేలు పెట్టి చూపినాడు. "అదో. అదో చూడు, ఇప్పుడే వచ్చి పోయినాది."

నాకేమీ కనపడల్యా. చప్పుడు గూడా వినపడల్యా. మళ్లా చూపించమని అడిగేదానికి నోరు తెరిచినా. వాని ముఖం చూసినా. అడగల్యా.

బీడీ ఇచ్చినాడు.

ఇంటికి వస్తూనే తిమ్మక్క అడిగింది, "ఉండాయా?"

ఉండాయని చెప్పినా. తల్లి గూడా ఉండాది, గాటు మానిందని చెప్పినా.